షహాతా బండిలో మడత సీటు

పొద్దున్నే అర్ద్ అల్-లివా రైల్వే గేటు దగ్గర మైక్రోబస్సుల స్టాండు హోరెత్తిపోతుంది. డ్రైవర్లు టీ గ్లాసులు బానెట్ల మీద పెట్టుకుని "రమ్సీస్, రమ్సీస్" అని గొంతులు చించుకుంటారు. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, ఎక్కినవాళ్లు బండి ఇంకా కదలదేమని సణుగుతుంటారు. బండి నిండితే గానీ కదలదు. కైరోలో కాగితాల మీద రాసిన చట్టాలకి లేని మర్యాద ఈ చట్టానికి ఉంది.

దీనికి లొంగని బండి స్టాండు మొత్తానికీ ఒక్కటే, అది షహాతాది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. అందులో తలుపు పక్కన ఒక మడత సీటుంది. ఆ సీటు నిండదు. ఎవరైనా కూర్చున్నారా, మరుక్షణం తలుపు బయట, నేల మీద, చేతిలో సంచితో సహా నిలబడి ఉంటారు. దెబ్బ తగలదు, చొక్కా నలగదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లని మాత్రం ఆ సీటు మారు మాట లేకుండా మోస్తుంది. వాళ్లు దిగాల్సిన చోటు రాగానే, దాని పేరు వాళ్లకి తెలిసినా తెలియకపోయినా, ఇంజను దానంతటదే ఆగిపోతుంది. వాళ్లు దిగాక మళ్లీ స్టార్టవుతుంది. ఈ సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. షహాతా బండికి బ్రేకు వేస్తే ఎడమకి లాగుతుంది, వానలో హారను మోగదు, మడత సీటు కొత్తవాళ్లది. అంతే.

ఊరు తెలిసిపోయిన రోజున అదే సీటు వాళ్లనీ దింపేస్తుంది. ఆ రోజు బండిలో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టి అభినందిస్తారు, ఎవరి సంచిలో ఏముంటే అది పంచుతారు. సిరియా నుంచి వచ్చిన రొట్టెల మేస్త్రిని నాలుగు నెలలకే దింపేసింది. యెమెన్ నుంచి వైద్యానికి వచ్చిన ఒక పెద్దాయన్ని మాత్రం ఏళ్ల తరబడి మోసింది. ఆయన రోజూ కొత్తగా తప్పిపోయేవాడు.

ఇప్పుడు ఆ సీటు తమాదుర్‌ది. సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఒమ్‌దుర్మాన్ నుంచి ఒక చేతిసంచితో వచ్చింది. వచ్చి రెండు చలికాలాలు దాటింది. యాభై దాటిన మనిషి. గోరింటాకు పెట్టడం ఆమె వృత్తి. సూడాను పెళ్లికూతురికి గోరింటాకు నల్లగా, నిండుగా, మోచేతి దాకా పండాలి. ఆ పని వచ్చినవాళ్లు కైరోలో ఎక్కువమంది లేరు కాబట్టి తమాదుర్‌కి పనికి లోటు లేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, పెళ్లికూతుళ్లందరూ ఒకే వీధిలో ఉండరు.

ఒమ్‌దుర్మాన్‌లో ఆమె ఎక్కడికీ ఒంటరిగా వెళ్లి ఎరగదు. భర్త ఖలఫల్లా రెండడుగులు ముందు నడిచేవాడు, ఆమె ఆయన వీపు చూసుకుంటూ వెనక నడిచేది. వీపు ఎటు తిరిగితే అటే దారి. అలాంటి మనిషి ఈ ఊళ్లో దిగేసరికి ఎటు చూసినా కోటిమంది వీపులు కనిపించాయి, ఏ ఒక్కటీ తనది కాదు.

చేయి పట్టుకుని నడిపించింది కౌసర్. కింది వాటాలో ఉంటుంది, పచ్చళ్ల డబ్బాలు రమ్సీస్‌కి మోసుకెళ్లి అమ్ముతుంది, నోరు పెద్దది. మొదటి రోజే పాఠం మొదలుపెట్టింది. బస్టాపు బోర్డు కింద నిలబడకు, దాని కింద నిలబడేది బస్సు రాదని తెలియనివాళ్లే. పదిమంది ఎక్కడ గుమిగూడి విసుక్కుంటుంటే అదే స్టాపు. మెట్రోలో టికెట్టు పారేయకు, బయటపడేటప్పుడు మళ్లీ అడుగుతారు. దారి అడిగితే తెలియదని చెప్పే మొగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు, తెలియకపోయినా చెయ్యి చాపి ఎటో ఒకవైపు చూపిస్తాడు, లేకపోతే అతనికి పరువు తక్కువ. అందుకని నడిచేవాణ్ణి అడగకు, కొట్లో కూర్చున్నవాణ్ణి అడుగు. అతన్ని కూడా నమ్మకు, పక్క కొట్లో ఇంకోసారి అడుగు.

వీటన్నిటికంటే ముఖ్యం చేతి గుర్తులు. మైక్రోబస్సులకి బోర్డులుండవు. రోడ్డు పక్కన నిలబడి ఎక్కడికి వెళ్లాలో చేత్తో చూపించాలి, అటు పోయే బండి ఆగుతుంది. ఎక్కాక డ్రైవరుని ఉస్తా అని పిలవాలి. పిరమిడ్ల రోడ్డుకైతే రెండు అరచేతులూ వేళ్ల చివర కలిపి గోపురంలా పెట్టాలి. ముఖత్తమ్ గుట్టకైతే అరచెయ్యి ఏటవాలుగా పైకి పాకించాలి. ఏడో పేటకి రెండు వేళ్లు విడదీసి ఆకాశం వైపు, ఎనిమిదో పేటకి అవే రెండు వేళ్లు నేల వైపు. వాళ్ల అరబ్బీ రాతలో ఏడు అంకె నోరు తెరుచుకుని పైకి చూస్తుంది, ఎనిమిది బోర్లా పడుకుంటుంది.

ఇంత చెప్పినా తమాదుర్ తప్పింది. వచ్చిన కొత్తలో ఒకసారి షహాతా బండి మరమ్మతుకి వెళ్లింది. ఎనిమిదో పేటలో పెళ్లివారు ఎదురుచూస్తున్నారు, ఈమె కంగారులో వేళ్లు పైకెత్తింది. ఏడో పేటలో దిగి, భయపడి, కనిపించిన బండినల్లా ఎక్కి, చివరికి బొగ్గుల వంతెన కింద తేలింది. అక్కడ బొగ్గు లేదు, ఎప్పుడో ఉండేదట. తడిపిన గోరింటాకు సంచిలో ఎండిపోతోంది. వంతెన స్తంభానికి ఆనుకుని ఆమె కరువుతీరా ఏడ్చింది. ఏడుపు ఆగాక చేసేదేమీ లేక జనం చేతులు చూడటం మొదలుపెట్టింది. చేతులు చూడటం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. పిరమిడ్ల చెయ్యి, గుట్ట చెయ్యి, ఎనిమిది చెయ్యి, మూడూ అక్కడే, ఆ ఒక్క రోడ్డు మీదే ఆడుతున్నాయి. చూసి చూసి తను కూడా రెండు వేళ్లు నేలకి చాపింది. బండి ఆగింది. పెళ్లికూతురు ఆ పూట ఆలస్యంగానైనా నల్లగానే పండింది.

ఆ తరవాత కూడా ఆమె వీలైనంతవరకూ షహాతా బండే ఎక్కేది. మడత సీట్లో కూర్చుంటే ఊరు తల్లి ఒళ్లోకి తీసుకున్నట్టుండేది. దిగేవాళ్లకి దారివ్వడానికి ప్రతిసారీ లేచి సీటు మడవాల్సి వచ్చినా విసుక్కునేది కాదు.

ఇక ఖలఫల్లా సంగతి. ఇల్లు వదిలి రానని ఒమ్‌దుర్మాన్‌లోనే ఉండిపోయాడు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. కుర్రతనంలో మూడేళ్లు కైరోలో చదువుకున్నాడు, అప్పటి నుంచీ కైరో ఆయన సొంత ఆస్తి. ఎప్పుడు ఫోను చేసినా, భయపడకు, అబ్బాసియాకి వెళ్లి ట్రామెక్కు, ట్రామ్ ఎక్కడికైనా తీసుకెళ్తుంది అనేవాడు. ట్రామ్ గంట ఎలా మోగుతుందో నోటితో మోగించి వినిపించేవాడు. తమాదుర్ సరేనండీ అనేది. ఆ ట్రాముని తీసేసి చాలా కాలమైందని, పట్టాల మీద తారు పోసేశారని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. నీళ్లూ కరెంటూ లేని ఇంట్లో, చీకట్లో కూర్చుని ట్రామ్ గంట మోగిస్తున్న మనిషికి ఏ పెళ్లాం ఆ మాట చెబుతుంది?

పోయిన నెల రొట్టె కోసం వరసలో నిలబడి, షుగర్ పడిపోయి, కళ్లు తిరిగి పడ్డాడు. ఇరుగుపొరుగువాళ్లే ఆయన్ని బలవంతాన లారీ ఎక్కించారు. సరిహద్దు దాటి, అస్వాన్ చేరి, అక్కడ బస్సెక్కాడు. బస్సు రాత్రికి వస్తుందన్నారు. తమాదుర్, కౌసర్ కలిసి బస్టాండుకి వెళ్లి తీసుకురావాలని అనుకున్నారు.

మధ్యాహ్నం నమాజు దాటి చాలాసేపయింది. తమాదుర్ కిస్రా అట్లు పోస్తుండగా ఫోను మోగింది. బస్సు ముందే వచ్చేసిందట. ఒక వంతెన దాటుతుంటే అబ్బాసియాలా కనిపించి, డ్రైవరుతో పోట్లాడి మరీ దిగాడట. అది అబ్బాసియా కాదు. ఒకడు ఇటు పొమ్మన్నాడు, ఇంకొకడు అటు పొమ్మన్నాడు, మూడోవాడు ఏదో బండెక్కించాడు. ఇప్పుడు ఇంకో వంతెన కింద ఉన్నాడు.

"ఏ వంతెనండీ?"

"వంతెన అంటే వంతెనే. కింద చెరుకు రసం కొట్టుంది."

కైరోలో వంతెన కింద చెరుకు రసం కొట్టు లేకపోతే ఆ వంతెన కట్టడం ఇంకా పూర్తికానట్టు లెక్క. తమాదుర్ ఫోను రసం కొట్టువాడికి ఇవ్వమని బతిమాలింది.

"ఎందుకు? నేనేమైనా తప్పిపోయానా? నేను ఎక్కడున్నానో నాకు తెలుసు. ట్రామ్ ఎక్కడుందో అదే కనిపించట్లేదు. సూర్యాస్తమయం నమాజు వరకూ చూస్తాను, రాకపోతే పట్టాలు దొరికేదాకా ఇలాగే నడుచుకుంటూ వచ్చేస్తా. నువ్వు టీ పెట్టి ఉంచు."

పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని, ఫోన్లో ఛార్జింగు అయిపోవచ్చిందని మాటల్లో తేలింది. ఇంకేమైనా చెప్పేలోపు ఆయనే పెట్టేశాడు. లేని పట్టాలు వెతుక్కుంటూ, ఖాళీ కడుపుతో, ఆ షుగర్ మనిషి చీకటి పడే వేళకి నడక మొదలుపెడతాడు. ఈ ఊళ్లో ఒకసారి నడక మొదలుపెట్టినవాణ్ణి ఎవరు పట్టుకోగలరు?

తమాదుర్ స్టవ్వు ఆర్పింది. మెట్లు దిగుతూనే కౌసర్‌ని కేకేసింది. ఇద్దరూ స్టాండుకి పరిగెత్తారు. తమాదుర్ బుర్రలో ఒకటే ఆలోచన. మడత సీట్లో కూర్చుంటే చాలు, తను ఎక్కడ దిగాలో ఆ బండికి తెలుస్తుంది. పేరు తెలియని చోటుకి ఎన్నిసార్లు తీసుకెళ్లలేదు? ఆయన నిలబడ్డ చోటే ఇంజను ఆగుతుంది.

షహాతా బండి దాదాపు నిండి ఉంది. మడత సీటు ఎప్పటిలాగే ఖాళీ. కౌసర్ ఎక్కి వెనక వరసలో ఇరుక్కుంది. తమాదుర్ గబగబా ఎక్కి మడత సీటు కిందికి లాగి కూర్చుంది, కళ్లు మూసుకుని దేవుడి పేరు తలుచుకుంది.

కళ్లు తెరిచేసరికి నేల మీద నిలబడి ఉంది. చెప్పులు రెండూ సరిగ్గానే ఉన్నాయి, ఒంటికి చుట్టుకున్న తోబ్ కొంగు కూడా చెదరలేదు. ఎదురుగా తలుపు తెరిచి ఉంది, లోపల పదమూడు మొహాలు ఆమెనే చూస్తున్నాయి.

బండి మొత్తం చప్పట్లతో మోగిపోయింది. వెనక సీట్లో ఒక అమ్మాయి నాలుక ఆడించి పెళ్లికూత కూసింది. కోటు వేసుకున్న ఒకాయన సంచిలోంచి వేయించిన పుచ్చగింజలు తీసి అందరికీ పంచడం మొదలుపెట్టాడు. వెయ్యి శుభాకాంక్షలు హాగ్గా, మా పెద్దమ్మా, ఇక నువ్వు మా ఊరి దానివే, ఇంత ఆలస్యమెందుకైందో ఏమో, ఈ శుభం ఎప్పుడో జరగాల్సింది అని తలా ఒక మాట. పక్క బండి డ్రైవరు కూడా కిటికీలోంచి తల పెట్టి చేతులెత్తి దీవించాడు.

తమాదుర్ మళ్లీ ఎక్కింది, మళ్లీ కూర్చుంది. మళ్లీ నేల మీద ఉంది. మూడోసారి సీటు అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నేల మీద చేతులు అలాగే గాలిని పట్టుకుని ఉన్నాయి. అప్పుడు ఆమె అందరి ముందూ భోరుమంది.

"నాకు మీ శుభాకాంక్షలొద్దు. నాకు నా మొగుడు కావాలి."

చప్పట్లు ఆగిపోయాయి. కౌసర్ జరిగింది చెప్పింది. షహాతా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి ఆ సీటుని చూశాడు. అతను మాటలు తక్కువ మనిషి.

"హాగ్గా, సీటు మాట నేను మార్చలేను. మా నాన్న నడిపినప్పుడు కూడా ఇంతే. దించిందంటే నీకు తెలుసనే దించింది."

"ఏం తెలుసు? నాకేం తెలుసు ఉస్తా?"

"అది నన్నడిగితే ఎలా?"

తమాదుర్‌కి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మోసిన సీటు అవసరానికి మొహం చాటేసినందుకు కోపం, తమాషా చూడటానికి వచ్చినట్టు గింజలు కొరుకుతున్న జనం మీద కోపం, లేని ట్రాముని ఉన్నట్టుగా ఉంచేసిన తన మీద మరీ కోపం. ఆ కోపంలోనే ఏడుపు ఎండిపోయింది. ఫోను తీసి భర్తకి చేసింది. మోగి మోగి ఎత్తాడు.

"టీ పెట్టావా?"

"పెట్టానండీ. మీ దగ్గర రోడ్డు పక్కన జనం నిలబడ్డారా?"

"నిండా ఉన్నారు. ఈ ఊళ్లో ఎవడికీ పని లేనట్టుంది."

"వాళ్ల చేతులెలా పెట్టారు?"

"ఏమిటి?"

"చేతులండీ. బళ్ల వైపు చూస్తూ చేతులు ఎలా ఆడిస్తున్నారో చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

ఆయన గొణిగాడు, కానీ చూశాడు. చూసినదాన్ని తేడా లేకుండా చెప్పడం ఆయనకి ఉద్యోగంలో అబ్బిన గుణం, కాలవలో నీళ్లెంత ఉన్నాయో చెప్పినట్టు చెబుతాడు.

"ఊరంతా పిచ్చెక్కిపోయింది తమాదుర్. ఒకడు రెండు వేళ్లు నేలకి చూపిస్తున్నాడు. ఏదైనా పడేసుకున్నాడేమోనని నేను కూడా వంగి చూశా. ఏమీ లేదు."

"ఇంకా?"

"రోడ్డుకి అవతల ఇద్దరు చేతులు జోడించి గోపురంలా పెట్టారు. దండం కూడా కాదది."

ఎనిమిదో పేట, పిరమిడ్లు. ఆ రెండూ కలిసే చోట్లు కైరోలో బోలెడున్నాయి. తమాదుర్ చెవికి ఫోను నొక్కుకుంది. బండిలో గింజలు కొరకడం కూడా ఆగిపోయింది.

"ఇంకొక్కటి చూడండి. ఇంకెవరైనా వేరేగా ఆడిస్తున్నారా?"

"ఒకావిడ ఉంది. అరచెయ్యి ఇలా ఏటవాలుగా పైకి పాకిస్తోంది, పిల్లి గోడెక్కినట్టు. ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వట్లేదండీ. అక్కడే ఉండండి. ఎక్కడికీ..."

ఫోను చచ్చిపోయింది. తమాదుర్ దాన్ని సంచిలో వేసుకుంది. కొంగు సర్దుకుంది.

"బొగ్గుల వంతెన," అంది. "ఉస్తా, బొగ్గుల వంతెనకి పోనియ్యి."

అది షహాతా లైనే కాదు. లైను వదిలి బండి పక్కకి వెళ్లడమంటే కైరోలో ప్రయాణికులు తిరుగుబాటు చేసే విషయం. ఒకామెకి ఆసుపత్రిలో డ్యూటీ ఉందట. పుచ్చగింజల కోటాయనకి రమ్సీస్ స్టేషన్లో అలెగ్జాండ్రియా రైలుందట. మొగుళ్లు తప్పిపోయినప్పుడల్లా బళ్లు తిప్పితే ఊళ్లో ఒక్క బండి కూడా రమ్సీస్ చేరదని ఇంకెవరో అన్నారు. దానికి కౌసర్ లేచి నిలబడి, ఈ బండిలో ఎవరెవరు మడత సీట్లో కూర్చుని ఊరు నేర్చుకున్నారో, ఎవరు ఏ గేటు దగ్గర ఎలా ఏడ్చారో తను పేరుపేరునా చెప్పగలనంది. ఎవరూ వినడానికి ఇష్టపడలేదు, గొడవ అక్కడితో సద్దుమణిగింది. కోటాయన మాత్రం గొణుక్కుంటూ దిగిపోయాడు. షహాతా గేరు మార్చేలోపు మళ్లీ ఎక్కి, రైళ్లెప్పుడూ ఆలస్యమే కదా అని కూర్చున్నాడు. వెనక వరసలో ముగ్గురుండాల్సిన చోట నలుగురు సర్దుకుని తమాదుర్‌ని కూర్చోబెట్టుకున్నారు. మడత సీటు ఖాళీగా ముందు ఊగుతోంది.

బళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతున్నాయి. మేడల మీద ఎండ పసుపు నుంచి ఎరుపుకి తిరిగింది. పెద్ద రోడ్డు మూసుకుపోయిందని షహాతా సందుల్లోకి తిప్పితే, ఎడమ కాదు ఉస్తా, కూరగాయల బజారు రోజు, కుడికి పోనియ్యి అని వెనక నుంచి తమాదుర్ చెప్పింది. చెప్పింది తనేనని రెండు మలుపులు దాటాక గానీ ఆమెకి తట్టలేదు.

వంతెన నీడలోకి వచ్చేసరికి మసీదుల్లో నమాజు పిలుపు మొదలైంది. రసం కొట్టు దీపాలు వెలిగాయి. ఖలఫల్లా ఆ కొట్టు దగ్గర లేడు. తమాదుర్ చూపు రోడ్డంతా గాలించింది. అప్పుడు కనిపించాడు. రోడ్డు అంచున, జనం మధ్య, చేతికర్ర చంకలో పెట్టుకుని, రెండు వేళ్లు నేలకి చాపి బళ్లకి చూపిస్తున్నాడు. అందరూ చేస్తున్నారు కదా అని నేర్చేసుకున్నాడు. ముందు పోతున్న బండి ఆయన కోసం వేగం తగ్గించింది. ఎక్కితే తిన్నగా ఎనిమిదో పేటకి, ఆపైన దేవుడికే తెలియాలి. లోపల చోటు లేక డ్రైవరు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వెనకే వచ్చిన షహాతా ఆపాడు.

తమాదుర్ కేక వేయబోయింది. కౌసర్ ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది.

"ఆగవే. కూర్చోనీ. చూద్దాం."

ఖలఫల్లా కర్ర ముందు పెట్టి, సంచి వెనక లాక్కుని ఎక్కాడు. లోపల మసక చీకటి. ఎవరి మొహమూ చూడలేదు. ఖాళీగా ఉన్నది ఒక్క సీటే. దాన్ని కిందికి లాగి, నీటిపారుదల శాఖ కుర్చీలో కూర్చున్నంత దర్జాగా కూర్చున్నాడు. బండిలో అందరి కళ్లూ ఆ సీటు మీదే.

సీటు ఆయన్ని మోసింది. కిర్రుమని కూడా అనలేదు.

ఆసుపత్రి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కోటాయన పుచ్చగింజలు ఆయన అరచేతిలో పోసి తినమన్నాడు, జేబులోంచి రెండు ఖర్జూరాలు కూడా వెతికి ఇచ్చాడు. తినడానికేదో దొరికేసరికి ఖలఫల్లాకి ప్రాణం లేచొచ్చింది, మాట కూడా లేచొచ్చింది. తను ఈ ఊరికి కొత్త కాదన్నాడు. ఇక్కడే చదువుకున్నానన్నాడు. అబ్బాసియాలో ట్రామ్ దగ్గర దింపితే చాలు, ఇల్లు తనే వెతుక్కుంటానన్నాడు. షహాతా అద్దంలోంచి చూసి తల ఊపాడు, బండి మాత్రం ఇంటి దారి పట్టింది.

"ఇంట్లో ఆవిడ కంగారు పడుతుంటుంది," అన్నాడు ఖలఫల్లా కోటాయనతో. "పాపం, దానికేమీ తెలియదు. మా ఊళ్లో వీధి చివర నూనె కొట్టుకి పోవాలన్నా నేను తోడుండాలి. ఇక్కడ ఇన్నాళ్లు ఒక్కతీ ఎలా నెగ్గుకొచ్చిందో ఏమో. ఇక నేనొచ్చేశాను. చెయ్యి పట్టుకుని నాలుగు చోట్లూ చూపిస్తాను."

ఎవరూ వెనక్కి తిరిగి తమాదుర్‌ని చూడకపోవడం ఆ పూట ఆ బండి చేసిన అన్నిటికంటే పెద్ద మర్యాద. తమాదుర్‌కి ముందు నవ్వొచ్చింది, తరవాత చిర్రెత్తింది. ఆ తరవాత రోడ్డు దీపం వెలుతురు ఆయన మెడ మీద పడింది. చొక్కా కాలరులో ఇంకో మెడ పట్టేంత చోటుంది. చెవుల వెనక ఎముకలు తేలాయి. ఒమ్‌దుర్మాన్‌లో ఇన్నేళ్లు ఆమె చూసుకుని నడిచిన వీపు ఇదే, ఇప్పుడు సగమైపోయింది. ఆమెకి కోపం పోయింది.

రైల్వే గేటు దగ్గరపడుతుండగా ఖలఫల్లా కిటికీలోంచి తొంగి చూశాడు. ఇది అబ్బాసియా దారి కాదే, ట్రామ్ ఏదీ అన్నాడు.

"ట్రామ్ లేదు హాగ్," అన్నాడు షహాతా మెల్లిగా. "తీసేసి చాలా కాలమైంది."

"పట్టాలు?"

"అవీ లేవు."

ఖలఫల్లా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి చుట్టూ ఉన్న కొత్త మొహాలని చూశాడు.

"మరి నేను ఇంటికెలా వెళ్లాలి?" అన్నాడు.

"పక్కకి తియ్యి ఉస్తా," అంది వెనక నుంచి ఒక గొంతు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఊళ్లో బళ్లు ఆపుతున్నంత ధీమాగా. "గేటు దాటాక, మందుల షాపు ఎదురుగా. ఇద్దరం దిగుతాం."

షహాతా బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఇంజను ఆగిపోయింది. మందుల షాపు ఎదురుగానే.

ఖలఫల్లా తిరిగి చూశాడు. మొదట చూసినప్పుడు ఎవరో కైరో ఆవిడ అనుకున్నాడు. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశాడు.

"నువ్వెప్పుడెక్కావు?"

"మీకంటే ముందే," అంది తమాదుర్.

ఆమె దిగడానికి దారి కావాలి కదా. ఆయన లేచి సీటు మడిచి పట్టుకున్నాడు. కౌసర్ సంచి అందించి, తను రమ్సీస్ దాకా పోయొస్తానని బండిలోనే ఉండిపోయింది. బండి రమ్సీస్ వైపు తిరుగుముఖం పట్టింది, కోటాయన కిటికీలోంచి చాలాదూరం చెయ్యి ఊపాడు.

ఇల్లు రోడ్డుకి అవతల ఉంది. మధ్యలో అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు బళ్లు, ఒక్కదానికీ ఆగే ఉద్దేశం లేదు. ఖలఫల్లా అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకు వేసి, అంతే వేగంగా వెనక్కి వచ్చేశాడు. సిగ్నలు కోసం అటూ ఇటూ చూశాడు. తమాదుర్ ఆయన్ని తనకి కుడి పక్కకి, బళ్లు రాని వైపుకి జరుపుకుంది. చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యి బళ్లకి ఎదురుగా చాపి రోడ్డు మీదికి దిగింది.

ఒక లారీ ఆయన చెవి పక్కనే గీపెట్టింది. ఆయన వేళ్లు ఆమె వేళ్లని నలిపేస్తున్నాయి.

"తమాదుర్, ఆగు. ఎప్పుడాగాలి మనం?"

"మనం ఆగమండీ," అంది ఆమె నడుస్తూనే. "వాళ్లే ఆగుతారు."